రోబో వెల్డింగ్ దగ్గర పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నా నవలకు సాయం కావాలి

నమస్కారమండీ. విశాఖలో జరిగే సైన్స్ ఫిక్షన్ థ్రిల్లర్ ఒకటి రాస్తున్నాను. గాజువాక వైపు, ఓడ భాగాలు వెల్డింగ్ చేసే ఒక కల్పిత యార్డులో కథ. రాత్రి షిఫ్టులో రోబో చెయ్యి తగిలి ఒకతను చనిపోతాడు. అందరూ ప్రమాదమే అంటారు, అతని చెల్లెలు మాత్రం నమ్మదు.

యంత్రానికి పగ ఉందని రాయడం నాకిష్టం లేదు. 1979లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక కార్మికుణ్ణి రోబో చెయ్యి కొట్టి చంపింది. దానికి కోపం లేదు, అక్కడ మనిషి ఉన్నాడని తెలియలేదంతే. నాకు అదే ఎక్కువ భయంగా ఉంటుంది.

నేను చదివినంతలో, రోబో చుట్టూ ఉండే కంచె గేటు తెరిస్తే అది ఆగిపోవాలి. మనిషి లోపలికెళ్లి దానికి పని నేర్పేటప్పుడు వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదు. రోబోను నడిపే పెండెంట్ అనే చేతి రిమోట్‌కు ఉన్న స్విచ్‌ను సగం దాకా నొక్కి పట్టుకోవాలి. కంగారులో వదిలేసినా ఆగుతుంది, గట్టిగా బిగించినా ఆగుతుంది. మనిషి కంగారుపడతాడని ముందే ఆలోచించి పెట్టారు చూడండి, అది నాకు చాలా నచ్చింది. కథకు ప్రాణం ఆ స్విచ్చే.

నా సందేహం ఇక్కడే. హంతకుడు ఎక్కడో కూర్చుని సాఫ్ట్‌వేర్ మార్చితే ఇవన్నీ పనిచేయకుండా పోతాయా? లేక సేఫ్టీ సర్క్యూట్ వేరుగా ఉంటుంది కాబట్టి అతను యార్డులోకి రావాల్సిందేనా? ప్రొడక్షన్ టెన్షన్‌లో ఎవరో గేటు సెన్సర్‌ను ముందే బైపాస్ చేసి వదిలేశారని రాస్తే నమ్మేలా ఉంటుందా? ఆ చెల్లెలు దేన్ని చూసి పట్టుకోవాలి?

షిప్‌యార్డుల్లో, ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చేసినవారు దయచేసి చెప్పండి.