ఫిల్లింగ్ అంచున గోధుమ గీత వస్తే తీసేయాలా, ఉంచాలా?

పేషెంట్:
నాలుగేళ్ల కిందట దవడ పంటికి తెల్ల ఫిల్లింగ్ పెట్టించుకున్నాను. ఇప్పుడు అంచు వెంట సన్నటి గోధుమ గీత కనబడుతోంది. నొప్పి లేదు, జివ్వుమనడం లేదు. ఒక డాక్టరుగారు మొత్తం తీసి మళ్లీ పెట్టాలన్నారు, ఇంకొకరు ముట్టుకోవద్దన్నారు. ఫిల్లింగ్‌ను పంటికి అతికించే బాండ్ సరిగ్గా పట్టి ఉంటే అసలు గీత ఎందుకు పడుతుంది? టెన్షన్‌గా ఉందండి.

బీడీఎస్ విద్యార్థి:
తీసేయడమే మంచిదంటాను. కాంపోజిట్, అంటే ఈ తెల్ల ఫిల్లింగ్ పదార్థం, లైటుకు గట్టిపడేటప్పుడు దాదాపు 2, 3 శాతం కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు అంచు ఎక్కడో ఒకచోట వదులుతుంది. పీకిన పళ్లకు ఫిల్లింగ్ పెట్టి, రంగునీళ్లలో నానబెట్టి, కోసి చూస్తే రంగు లోపలికి దిగి కనబడుతుంది. రంగు దిగిన దారిలో బ్యాక్టీరియా దిగదా?

దంత వైద్యురాలు:
దిగాలని లేదు బాబూ. రంగు అణువు బ్యాక్టీరియాకన్నా ఎన్నో రెట్లు చిన్నది. రంగునీళ్ల పరీక్షలో ఎక్కువ కారిన ఫిల్లింగే నోట్లో ముందు పాడవుతుందని చెప్పలేం.

అసలు అడగాల్సింది, అంచు దేని మీద ఆగింది అని. పంటి పై పొర ఎనామెల్, దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. యాసిడ్ పెడితే దాని మీద కంటికి కనబడనంత చిన్న గుంటలు పడతాయి, బాండ్‌లోని రెసిన్ అనే జిగురు వాటిలోకి పాకి గట్టిగా పట్టుకుంటుంది. యాసిడ్ పెడితే ఎనామెల్ మీద పట్టు పెరుగుతుందని బ్యూనకోర్ అనే దంత పరిశోధకుడు 1955లో చూపించారు. ఆ పట్టు ఏళ్లతరబడి నిలుస్తుంది. దాని కింది పొర డెంటిన్ అలా కాదు. అందులో నీరు ఉంది, కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు ఉన్నాయి, సన్నటి గొట్టాల్లోంచి తడి ఊరుతూనే ఉంటుంది. రెసిన్ చేరని కొల్లాజెన్‌ను డెంటిన్‌లోని ఎంజైములే మెల్లగా తినేస్తాయి. అందుకే ఎనామెల్ అయిపోయే చోట, చిగురు దగ్గరి అంచుకే నేను భయపడతాను.

బీడీఎస్ విద్యార్థి:
మరి విడిగా యాసిడ్ పెట్టనక్కర్లేని సెల్ఫ్ ఎచ్ బాండ్‌తో ఆ సమస్య తగ్గుతుంది కదా మేడమ్?

దంత వైద్యురాలు:
డెంటిన్ మీద చాలావరకు తగ్గుతుంది. ఎండీపీ అనే ఆమ్ల పదార్థం ఉన్న సెల్ఫ్ ఎచ్ బాండ్ పంటిలోని కాల్షియంతో రసాయనికంగా కలుస్తుంది. కానీ దాని ఆమ్లం మెతక, ఎనామెల్‌ను సరిపడా గరుకు చేయదు. అందుకే ఎనామెల్ అంచుకు మాత్రం ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ పెట్టి కడగాలి. ఈ పని మానేసినచోట ఇలాంటి గీతలు ఎక్కువగా కనబడతాయి. పైగా లాలాజలం తగిలితే ఎంత మంచి బాండైనా పట్టదు. సీసా మీది పేరుకన్నా ఆ కాసేపు పంటిని పొడిగా ఉంచడమే ముఖ్యం.

గీత వేరు, పుప్పి వేరు. అంచు మెత్తబడిందా, గుంట పడిందా, ఎక్స్‌రేలో నల్లటి నీడ ఉందా చూడండి. ఇవేవీ లేకపోతే పాలిష్ చాలు. తీసి పెట్టిన ప్రతిసారీ మంచి పన్ను కూడా కొంత అరిగిపోతుంది.

బీడీఎస్ విద్యార్థి:
పై అంచు విషయంలో ఒప్పుకుంటాను. చిగురు కిందికి వెళ్లిన అంచున గీత ఉంటే మాత్రం ఊరుకోను. అక్కడ బ్రష్ కూడా సరిగ్గా అందదు.

పేషెంట్:
నాది నమిలే వైపు పై అంచేనండి. ఎక్స్‌రే తీయించాను, నీడ లేదన్నారు. పాలిష్ చేయించుకుని ఆరు నెలలకు మళ్లీ చూపించుకుంటాను.