బాబు యూరిన్ రిపోర్టులో కాస్ట్స్ నిల్ అని వచ్చింది, మళ్లీ ఎందుకు చూస్తామంటున్నారు?

మా బాబుకి ఏడేళ్లు. గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గిపోయాయి, రెండు వారాలకి పొద్దున్నే లేచేసరికి కళ్ల కింద వాపు, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. సీయూఈ (పూర్తి మూత్ర పరీక్ష) చేయిస్తే బ్లడ్ త్రీ ప్లస్, ప్రోటీన్ టూ ప్లస్, ఆర్‌బీసీ (ఎర్ర రక్తకణాలు) 40-50, పస్ సెల్స్ (చీము కణాలు) 8-10, కాస్ట్స్ (కిడ్నీలో తయారయ్యే గొట్టం ఆకారపు ముక్కలంట) నిల్. పొద్దున ఇంట్లో పట్టిన శాంపిల్, ల్యాబ్ వాళ్లు మధ్యాహ్నం దాటాక చూశారంట. పిల్లల డాక్టరేమో ఇది ఇన్‌ఫెక్షన్‌లా లేదు, ఇక్కడే ఫ్రెష్‌గా ఇప్పించండి మైక్రోస్కోప్‌లో నేనే చూస్తా అన్నారు. పస్ సెల్స్ ఉన్నాయి కదా, ఇన్‌ఫెక్షన్ కాదా? చాలా భయంగా ఉందండి.

జవాబు 1
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని అండీ. డాక్టర్ గారు అడిగింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్, తప్పకుండా ఇవ్వండి. మూత్రం బయట ఉండేకొద్దీ బ్యాక్టీరియా పెరిగి ఆల్కలైన్ అయిపోతుంది, అందులో కాస్ట్స్ కరిగిపోతాయి, ఆర్‌బీసీలూ పగిలిపోతాయి, అందుకే రెండు గంటల్లోపు చూడాలి. ఫ్రిజ్‌లో పెడితే ఫాస్ఫేట్లు, యూరేట్లు పేరుకుని స్లైడ్ అంతా ఇసుక చల్లినట్టు ఉంటుంది. 10-12 ఎంఎల్ తీసుకుని 1500-2000 ఆర్‌పీఎంలో 5 నిమిషాలు తిప్పి, పైనీళ్లు వంపేసి అడుగున మిగిలింది ఒక చుక్క స్లైడ్ మీద వేస్తాం. ముందు 10ఎక్స్‌లో, లైట్ బాగా తగ్గించి, కవర్ స్లిప్ అంచుల వెంట వెతకాలి. లైట్ ఎక్కువుంటే కాస్ట్ కళ్లముందే ఉన్నా కనపడదు. రద్దీలో నేరుగా 40ఎక్స్ పెట్టి నాలుగు ఫీల్డ్స్ చూసి నిల్ రాసేస్తే పిల్లాడికి అన్యాయం జరిగినట్టే.

జవాబు 2
నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) చదువుతున్నాను. మూత్రంలో ముంచి రంగు చూసే స్ట్రిప్ రక్తం ఉందని చెప్తుంది గానీ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పదు. కిడ్నీ లోపలి వడపోత దగ్గర, అంటే గ్లోమెరులస్‌లో వాపు వచ్చి కారితే కణాలు వంకరపోయి, కొన్ని చెవులు మొలిచినట్టు బుడిపెలతో కనిపిస్తాయి, వాటినే అకాంథోసైట్స్ అంటాం. ఆ కణాలే ట్యూబుల్స్‌లో (కిడ్నీలోని సన్నని గొట్టాల్లో) ప్రోటీన్‌తో కలిసి గొట్టం ఆకారంలో గడ్డకట్టి బయటికొస్తే ఆర్‌బీసీ కాస్ట్. అది కనపడిందంటే రక్తం బ్లాడర్‌ది కాదు, కిడ్నీదే. ఈ వాపులో పస్ సెల్స్ కూడా వస్తాయమ్మా, కాబట్టి అవి చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఊరుకోవద్దు. గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత 1-3 వారాలకి వచ్చే నెఫ్రైటిస్ (కిడ్నీ వాపు) అనిపిస్తోంది. బీపీ ఈరోజే చూపించండి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), సీ3 (రక్తంలోని ఒక రోగనిరోధక ప్రోటీన్), ఏఎస్ఓ (ఈమధ్య స్ట్రెప్ గొంతు ఇన్‌ఫెక్షన్ వచ్చిందా అని చూసే పరీక్ష) కూడా అడగండి. మూత్రం తగ్గినా, తలనొప్పి, ఆయాసం వచ్చినా రాత్రైనా సరే హాస్పిటల్‌కి వెళ్లిపోండి.

జవాబు 3
మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. ఇది చదివి, యూరిన్ క్లీన్‌గా ఉంటే కిడ్నీ బాగున్నట్టే అని ఎవరూ అనుకోవద్దు. మా ఉద్దానంలో దెబ్బతినేది ఎక్కువగా ట్యూబుల్స్, వాటి చుట్టూ ఉండే కణజాలం, అందుకని ప్రోటీన్ కొంచెమే పోతుంది, మైక్రోస్కోప్‌లో పెద్దగా ఏమీ కనపడదు, ఈలోపు క్రియాటినిన్ పెరిగిపోతుంది. మా వైపు పెద్దవాళ్లకి యూరిన్, క్రియాటినిన్ రెండూ చేయించాలి.

అడిగినవారు
ఫ్రెష్ శాంపిల్‌లో ఆర్‌బీసీ కాస్ట్స్ కనిపించాయండి, డాక్టర్ గారు పిలిచి నాకూ చూపించారు, ఎర్రటి గొట్టంలో కణాలు కూరినట్టున్నాయి. బీపీ ఎక్కువుందని అడ్మిట్ చేశారు, సీ3 తక్కువొచ్చింది. ఉప్పు బాగా తగ్గించమన్నారు, నీళ్లు, మూత్రం కొలిచి రాస్తున్నాం. సీ3 మళ్లీ ఎప్పుడు చేయించాలి?

జవాబు 2
మామూలుగా 6-8 వారాల్లో నార్మల్‌కి రావాలమ్మా, అప్పుడు చేయించండి. అప్పటికీ తక్కువే ఉంటే బయాప్సీ గురించి ఆలోచిస్తారు. మూత్రంలో కంటికి కనపడని ఆర్‌బీసీలు మాత్రం కొన్ని నెలలు వస్తూనే ఉండొచ్చు, ఆ రిపోర్టు చూసి కంగారు పడకండి.