బేర్ యాక్ట్ చేతిలో ఉంటే రాజ్యాంగం విడిగా చదవక్కర్లేదా? (ఆల్ ఇండియా బార్ పరీక్ష)

నాంపల్లి జూనియర్:
నాంపల్లి కోర్టుల్లో ఒక సీనియర్ మేడం దగ్గర పనిచేస్తున్నాను. బార్ పరీక్ష ఇంకా పాసవలేదు, ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా నమోదు) నుంచి లెక్కపెట్టే రెండేళ్ళ గడువు దగ్గర పడుతోంది, అందుకే టెన్షన్. పొద్దున కోర్టు, సాయంత్రం ఆఫీసులో డ్రాఫ్టింగ్, రూముకి చేరేసరికి రాత్రి పది. మా రూమ్మేట్ ఏమంటాడంటే, నూరు ప్రశ్నల్లో రాజ్యాంగానివి పదే, నోట్స్ లేని బేర్ యాక్ట్ (చట్టం పాఠం మాత్రమే అచ్చేసిన పుస్తకం) హాల్లోకి తీసుకెళ్ళనిస్తారు, చూసి రాసెయ్, ఆ టైం సీపీసీకి (సివిల్ ప్రొసీజర్ కోడ్) పెట్టుకో అని. మేడమేమో తీర్పులు తెలియకుండా రాజ్యాంగం ముట్టుకోవద్దంటారు. ఎవరి మాట వినాలో చెప్పండి.

దిల్‌సుఖ్‌నగర్ లా:
నీ రూమ్మేట్ మాటే కరెక్ట్ తమ్ముడూ. నేను అలాగే రాసి పాసయ్యాను. జనరల్‌కి 45 శాతం వస్తే చాలు, తప్పు రాస్తే మార్కులు పోవు. ఏది ఎక్కడుందో తెలిస్తే సరిపోతుంది: ఆర్టికల్ 12 నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులు, 36 నుంచి 51 దాకా ఆదేశిక సూత్రాలు, 51ఎ విధులు, రిట్లకి (హక్కులు కాపాడేందుకు కోర్టు ఇచ్చే ఆదేశాలు) 32, 226, ఎమర్జెన్సీకి 352, 356, 360, సవరణకి 368. రాజ్యాంగ సవరణకి హద్దు గీసిన కేశవానంద భారతి తీర్పు వందల పేజీలుంటుంది. కోర్టు పని చేసుకుంటూ అదంతా ఎవరు చదవగలరు?

మూసీ ఒడ్డు:
హైకోర్టులో చాలా ఏళ్ళుగా రిట్లు వేస్తున్నవాణ్ణి, ఈ సలహా ఒప్పుకోలేను. బాబూ, నీ బేర్ యాక్ట్‌లో 368 తెరిచి క్లాజు 5 చదువు. రాజ్యాంగాన్ని సవరించడానికి పార్లమెంటుకి ఎలాంటి పరిమితీ లేదని ఉంటుంది. 1976లో 42వ సవరణతో చేర్చారు దాన్ని. 1980లో మినర్వా మిల్స్ కేసులో సుప్రీంకోర్టు 4, 5 క్లాజులు రెండూ చెల్లవని కొట్టేసింది. కానీ అచ్చులో ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి! పార్లమెంటు సవరణ అధికారానికి హద్దు ఉందా అని ప్రశ్న వస్తే, పుస్తకం చూసి రాసేవాడు లేదని టిక్ పెట్టి వస్తాడు. 124ఎ కూడా అంతే, 99వ సవరణతో వచ్చిన జడ్జీల నియామక కమిషన్‌ని 2015లో కోర్టు కొట్టేసింది, ఆర్టికల్ మాత్రం పుస్తకంలోనే ఉంది. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణకే ప్రత్యేకమైన 371డి తీసుకో. ప్రభుత్వోద్యోగుల వివాదాలు చూసే ట్రిబ్యునల్ తీర్పుని రాష్ట్ర ప్రభుత్వం మార్చొచ్చు, రద్దు చెయ్యొచ్చు అని అందులో క్లాజు 5 అంటుంది, అదీ సాంబమూర్తి కేసులో పోయింది. మనకి రాజ్యాంగమంటే అచ్చయిన మాట ఒక్కటే కాదు, దాని మీద కోర్టు గీసిన గీత కూడా. ఆ గీతలు తెలియకపోతే బేర్ యాక్టే నీ చేత తప్పు రాయిస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ లా:
సార్, అధికారిక ప్రతిలో వాటి కింద ఫుట్‌నోట్ ఉంటుంది కదా. పైగా పది ప్రశ్నల్లో ఇలాంటివి ఎన్ని వస్తాయి?

మూసీ ఒడ్డు:
ఉంటుంది, కాదనను. కానీ ఒక్కో ప్రశ్నకి ఇంచుమించు రెండు నిమిషాలే. పేజీ వెతుక్కుని, చూసి, కింద చిన్న అక్షరాల దాకా ఎవరు వెళ్తారు? ముందే తెలిసినవాడికే అది కనపడుతుంది.

చిక్కడపల్లి రీడింగ్ రూమ్:
నాదొక అనుభవం చెప్తాను. కోఠిలో పాత పుస్తకాల దగ్గర తక్కువకి దొరికిందని పాత బేర్ యాక్ట్ కొన్నాను. మాక్ టెస్టులో ఆర్థికంగా వెనకబడిన వర్గాల రిజర్వేషన్ ఏ క్లాజు అని అడిగితే ఎంత వెతికినా కనపడలేదు. 15(6), 16(6) వచ్చింది 2019లో, 103వ సవరణతో, నా పుస్తకం అంతకు ముందుది. దయచేసి కొత్తదే కొనండి, ఆ డబ్బుల దగ్గర చూసుకోవద్దు.

ఇక అసలు విషయం. నాకు ఎక్కువ మార్కులు పోయింది నంబర్ల దగ్గర కాదు, హక్కు ఎవరికి అన్న దగ్గర. 15, 16, 19, 29, 30 పౌరులకే. 14, 20, 21, 22 ఈ గడ్డ మీద ఉన్న ఎవరికైనా వర్తిస్తాయి, విదేశీయులకి కూడా. అలాగే 32 కింద సుప్రీంకోర్టుకి వెళ్ళాలంటే ప్రాథమిక హక్కు దెబ్బతినాలి, 226 కింద హైకోర్టు మిగతా చట్టబద్ధ హక్కుల కోసం కూడా రిట్ ఇవ్వొచ్చు, అంటే రిట్ల విషయంలో హైకోర్టు పరిధే పెద్దది. చాలామంది దీన్ని తిరగేసి రాస్తారు. ఆస్తి హక్కు కూడా అంతే, 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు, ఇప్పుడది 300ఎ కింద రాజ్యాంగ హక్కు. ఎవరైనా ఆస్తి గుంజుకుంటే నేరుగా 32 అని రాయకండి.

దిల్‌సుఖ్‌నగర్ లా:
ఇవి నేనూ ఒప్పుకుంటాను. నంబరు పక్కన ఇలా ఒక్క ముక్క చొప్పున గుర్తుపెట్టుకోవచ్చు. నేను వద్దన్నది మొత్తం తీర్పులు చదవడం గురించే.

మూసీ ఒడ్డు:
మొత్తం చదవమని నేనూ అనను. సవరణ కథ ఒక్కటి వరసగా పట్టుకోండి, సగం ప్రశ్నలకి దారి దొరుకుతుంది. 1951 శంకరీ ప్రసాద్: ప్రాథమిక హక్కుల్నీ సవరించొచ్చు. 1967 గోలక్‌నాథ్: 6-5తో కుదరదన్నారు. 1971లో 24వ సవరణతో పార్లమెంటు ఆ అధికారం తిరిగి తెచ్చుకుంది. 1973 ఏప్రిల్ 24, కేశవానంద: 13 మంది జడ్జీలు, 7-6 తీర్పు, సవరించొచ్చు గానీ మౌలిక స్వరూపం, అంటే రాజ్యాంగానికి ఆయువుపట్టు లాంటి లక్షణాలు, ముట్టుకోకూడదు. తర్వాత మినర్వా. 2007లో కోయెల్హో: ఆ 1973 తేదీ తర్వాత తొమ్మిదో షెడ్యూల్లో (కోర్టు సవాళ్ళ నుంచి కాపాడేందుకు పెట్టిన చట్టాల జాబితా) పెట్టిన చట్టాల్ని కూడా మౌలిక స్వరూపంతో పోల్చి చూస్తారు.

ఇది మనకి దూరపు కథేం కాదు. గోలక్‌నాథ్‌లో ప్రధాన తీర్పు రాసిన కోకా సుబ్బారావు గారిది రాజమండ్రి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయన. కేశవానందలో ఆ ఏడుగురిలో ఒకరు పింగళి జగన్మోహన్ రెడ్డి గారు, అంతకు ముందు ఇక్కడే, మూసీ పక్కన హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా చేశారు. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ హాళ్ళ ముందునుంచి నడిచే మనవాళ్ళు ఈ కథని పది మార్కుల లెక్కలో చూస్తే నాకు బాధేస్తుంది.

నాంపల్లి జూనియర్:
సార్, చిక్కడపల్లి మేడం, అన్నా, ముగ్గురికీ థాంక్స్. ఇప్పుడే 368 తెరిచి చూశాను, నిజంగానే ఉంది క్లాజు 5. ఒక ప్రశ్న నేనే తయారుచేసుకుని రాస్తున్నాను, దిద్దండి. యుద్ధం వల్ల ఎమర్జెన్సీ పెట్టారు. ఓయూలో చదివే ఒక విదేశీ విద్యార్థిని కారణం చెప్పకుండా నిర్బంధించారు. 19 అతనికి మొదటినుంచీ లేదు, ఎలాగూ 358 కింద ఆగిపోతుంది కూడా. 21 మాత్రం ఉంది, 359 కింద రాష్ట్రపతి ఉత్తర్వు ఇచ్చినా దాన్ని ఆపలేరు. కాబట్టి హెబియస్ కార్పస్ (నిర్బంధించినవాణ్ణి కోర్టు ముందుకి తెమ్మనే రిట్) వెయ్యొచ్చు. రైటేనా?

చిక్కడపల్లి రీడింగ్ రూమ్:
రైటే. 20, 21 రెండింటినీ ఆపకూడదన్నది 44వ సవరణ తర్వాతి మాట, అది కూడా రాసుకో. అంతకు ముందు 1976లో జబల్‌పూర్ కేసులో నలుగురు జడ్జీలు ఇదే ప్రశ్నకి వెయ్యకూడదన్నారు, ఖన్నా గారొక్కరే కాదన్నారు.

మూసీ ఒడ్డు:
2017లో పుట్టస్వామి కేసులో ఆ నలుగురి మాట తప్పని కోర్టే చెప్పింది. 22 కూడా చూడు బాబూ, అరెస్టుకి కారణం చెప్పాలన్నది అందులోనే ఉంది. కానీ 359 కింద 22ని ఆపొచ్చు. ఈ రెండింటి తేడా మీద ఇంకో ప్రశ్న తయారుచేసి రేపు ఇక్కడ పెట్టు, దిద్దుతాను.