కర్మ, పునర్జన్మ ఋగ్వేదం నాటివేనా?

నచికేత:
హిందూ మతానికి మూల విశ్వాసాలేవని అడిగితే ఎవరైనా ముందుగా చెప్పేది కర్మ, పునర్జన్మ. కానీ ఋగ్వేదంలోని 1028 సూక్తాల్లో ఆ సిద్ధాంతం స్పష్టంగా ఎక్కడా లేదు. ఋషులు కోరుకున్నవి నూరేళ్ల ఆయుష్షు, గోవులు, వీరులైన కొడుకులు, వానలు. చనిపోయినవాడు యముడి లోకంలో పితరులను కలుసుకుంటాడు, అంతే. కర్మను బట్టి మళ్లీ పుట్టడం అనే మాట ఉపనిషత్తులతో వచ్చింది. ఇది ఒప్పుకోవడానికి మనకు ఎందుకంత ఇబ్బంది?

శ్రుతిప్రియ:
అంత తేలిగ్గా తేల్చేయకండి. పదో మండలం, 14వ సూక్తం, ఎనిమిదో మంత్రం చూడండి. మరణించినవాడితో ‘పునరస్తమేహి’ అంటుంది, మళ్లీ ఇంటికి రమ్మని. ఆ వెంటనే కాంతిగల శరీరంతో కూడుకోమంటుంది. అదే మంత్రంలో ఇష్టాపూర్తం ఉంది. అంటే చేసిన యజ్ఞాల ఫలం, దానాల ఫలం మనిషి వెంట వస్తాయని. కర్మఫలం అంటే ఇది కాక మరేమిటి?

నచికేత:
శ్రుతిప్రియ గారూ, మంచి మంత్రం ఎత్తారు. అయితే మొదటి పాదం నుంచి చదవండి. పితరులతో కలువు, యముడితో కలువు, ‘పరమే వ్యోమన్’ (అత్యున్నతమైన ఆకాశంలో) అంటూ మొదలవుతుంది. రమ్మంటున్న ఇల్లు పై లోకంలో ఉంది, మరో తల్లి గర్భంలో కాదు. ఇష్టాపూర్తం విషయంలో మాత్రం మీ మాట నిజం. విత్తనం అక్కడే ఉంది.

అది మొలకెత్తిన చోటు బృహదారణ్యక ఉపనిషత్తు మూడో అధ్యాయం. జనకుడి సభలో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్య ఋషిని అడుగుతాడు: చనిపోయినవాడి వాక్కు అగ్నిలో, ప్రాణం గాలిలో, కన్ను సూర్యుడిలో కలిసిపోతే, మరి ఆ మనిషి ఎక్కడ ఉంటాడు? కన్ను సూర్యుడిని చేరాలి, ఊపిరి గాలిని చేరాలి అన్నది ఋగ్వేదంలోని దహన సూక్తం (10.16) మాటే. చితి దగ్గర పలికే మంత్రాన్ని పట్టుకుని, అన్నీ తలా ఒక దిక్కు పోతే మనిషి సంగతేమిటని ఆయన నిలదీశాడు. ఈ ప్రశ్న చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

యాజ్ఞవల్క్యుడు సభలో జవాబు చెప్పలేదు. ‘నీ చెయ్యి ఇలా ఇవ్వు నాయనా, ఇది మనమిద్దరమే తెలుసుకోవాలి, జనం మధ్య కాదు’ అని పక్కకు తీసుకుపోయాడు. వాళ్లు మాట్లాడుకున్నది కర్మ గురించేనని, మంచి పనితో మంచివాడు, చెడ్డ పనితో చెడ్డవాడు అవుతాడని ఉపనిషత్తు చెబుతుంది. అందరికీ ముందే తెలిసిన విషయమైతే అంత రహస్యం దేనికి?

అన్వేషి:
ఛాందోగ్య ఉపనిషత్తు ఐదో అధ్యాయం కూడా ఇదే చెబుతోంది. ప్రవాహణ జైవలి అనే రాజు ఉద్దాలకుడనే బ్రాహ్మణుడితో, చనిపోయినవారు ఎటు పోతారో చెప్పే ఈ విద్య నీకు ముందు బ్రాహ్మణులెవరికీ చేరలేదని అంటాడు. కొత్తదని గ్రంథమే ఒప్పుకుంటోంది.

కానీ ఆ ప్రకరణం చివరిదాకా చదివారా? మంచి నడవడి గలవారు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య గర్భాల్లో పుడతారట. చెడ్డ నడవడి గలవారు కుక్క, పంది, చండాల గర్భాల్లో పుడతారట. మనిషిని తీసుకెళ్లి కుక్క పక్కన నిలబెట్టిన వాక్యం ఇది. నీ బతుకు నీ పూర్వజన్మ ఫలం అని ఎన్ని తరాల నోళ్లు మూయించారో! దీన్ని నా మతానికి మూల విశ్వాసం అనమంటే నాకు నోరు రాదు.

శ్రుతిప్రియ:
ఆ వాక్యాన్ని నేను సమర్థించను అన్వేషి గారూ. చదివినప్పుడల్లా బాధపడతాను.

అయినా రెండు మాటలు చెప్పాలి. వేదం అపౌరుషేయమని, అంటే ఎవరూ రచించనిదని నమ్మే నాలాంటివారికి ముందు, తరువాత అన్న లెక్క లేదు. సంహిత (ఋగ్వేదం వంటి మంత్రభాగం), ఉపనిషత్తు రెండూ శ్రుతే, అంటే వేదమే. ఇక బుద్ధుడు ఆత్మను కాదన్నాడు గాని పునర్జన్మను కాదనలేదు. జైనులు కర్మను జీవుడికి అంటుకునే సూక్ష్మ పదార్థంగా చెప్పారు. వేదాన్ని కాదన్నవారు సైతం వదులుకోని నమ్మకాన్ని ఒక్క వాక్యం కోసం మనం పక్కన పెట్టాలా?

నచికేత:
పక్కన పెట్టమనడం లేదు. నేనూ కర్మను నమ్ముతాను. కానీ ఆర్తభాగుడి ప్రశ్న నుంచి వచ్చిన నమ్మకాన్ని మళ్లీ ప్రశ్నించే హక్కు అన్వేషి గారికీ ఉంది.

అపౌరుషేయం అన్నారు. ఆ వాదాన్ని అందరికంటే గట్టిగా నిలబెట్టిన పూర్వమీమాంసలోనే (వేదంలోని యజ్ఞవిధులను విచారించే దర్శనం), దాని సూత్రకర్త జైమిని నాటికి యజ్ఞఫలం స్వర్గం. మోక్షాన్ని, అంటే పునర్జన్మ నుంచి విడుదలను చర్చకు తెచ్చింది తరువాతి మీమాంసకులు.

బాల గంగాధర తిలక్ మన ధర్మానికి చెప్పిన లక్షణాలు మూడే: వేదాలను ప్రమాణంగా ఎంచే బుద్ధి, సాధనాలు అనేకం కావడం, ఉపాస్య దైవం ఫలానా అని నియమం లేకపోవడం. అందులో కర్మ లేదు, జన్మ లేదు. తాము హిందువులం కామని, కనుక హరిజనుల ఆలయ ప్రవేశ చట్టం తమ గుడికి వర్తించదని స్వామినారాయణ సంప్రదాయాన్ని అనుసరించే సత్సంగీలు వేసిన దావాలో, 1966లో సుప్రీంకోర్టు ఈ నిర్వచనాన్నే ఉదహరించి వాళ్ల వాదన తోసిపుచ్చింది. అన్వేషి గారు చెప్పిన ఆ వాక్యం బయట నిలబెట్టినవాళ్లకు గుడి తలుపు తెరిచిన తీర్పు అది.

శ్రుతిప్రియ:
ఆ తీర్పు నాకూ ఇష్టం. కానీ ఆ మూడు లక్షణాల్లో మొదటిది వేదమే నచికేత గారూ, దాన్ని దాటి ముందుకు పోకండి. రేపు 10.14 మొత్తం, ఒక్కొక్క మంత్రంగా, ఇక్కడే అర్థం రాస్తాను. ‘ఇల్లు’ ఎక్కడుందో అప్పుడు మాట్లాడుకుందాం.