గుండ్రటి గోడకు స్కర్టింగ్: టేకు వంచాలా, పీవీసీ వేయాలా?

కొత్తిల్లు_నయీంనగర్:
హాల్లోంచి మెట్ల వైపు తిరిగే చోట మా గోడకు మూల లేదు, పావు వలయంలా నాలుగడుగుల మేర గుండ్రంగా ఉంటుంది. మిగతా గోడలన్నిటికీ అడుగున నేలను ఆనుకుని నాలుగంగుళాల టేకు స్కర్టింగ్ పట్టీ పూర్తయింది. ఇక్కడే పని ఆగింది. కార్పెంటర్ వెనక వైపు ఐదు గాట్లు పెట్టి వంచితే రెండుసార్లు పటుక్కున విరిగింది. ఇప్పుడు పీవీసీ పట్టీ వేద్దామంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు.

కాజీపేట్_వాసి:
పీవీసీయే వేయండి. హనుమకొండ నయీంనగర్ అంటున్నారు, 2020 ఆగస్టు మరిచారా? నాలా పొంగి ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. ముందు నానేది స్కర్టింగే.

వడ్రంగి_కొడుకు:
అటూ ఇటూ టేకు, మధ్యలో ప్లాస్టిక్ పెడితే ఇంట్లోకి అడుగుపెట్టగానే చూపు అక్కడికే పోతుంది. గాట్లు పెట్టడం సరైన పద్ధతే అన్నా, లెక్క తప్పింది. పట్టీ 18 ఎం.ఎం. మందం ఉందనుకోండి. ముందు వైపు 3 వదిలి 15 లోతుకు కోయాలి. పావు వలయం తిరగాలంటే గోడ వైపు పొడవు దాదాపు 24 ఎం.ఎం. తగ్గాలి. రంపం ఒక్కో గాటుకు 3 ఎం.ఎం. చెక్క తింటే ఎనిమిది గాట్లు కావాలి. గోడ వంపు పెద్దదైనా చిన్నదైనా అంతే, గాట్ల మధ్య దూరమే మారుతుంది. ఐదే పెడితే అవి మూసుకుపోయాక కూడా ఇంకా లాగాలి, అక్కడే విరుగుతుంది. పన్నెండు పెడితే వంపు నున్నగా వస్తుంది.

జనగామ_సివిల్:
గోడ బయటికి ఉబ్బిందా, లోపలికి వంగిందా? లోపలికైతే వెనక గాట్లు మూసుకోవు, తెరుచుకుంటాయి. నన్నడిగితే 3 ఎం.ఎం. పల్చటి పట్టీలు ఆరు తీసుకుని, నీళ్లకు ఆగే జిగురు పూసి, ప్లై అచ్చు మీద క్లాంపులతో బిగించి రాత్రంతా వదలాలి. విప్పాక కొంచెం తెరుచుకుంటుంది కాబట్టి అచ్చుకు వంపు కాస్త ఎక్కువే ఇవ్వాలి.

వడ్రంగి_కొడుకు:
పైఅంచులో ఆరు పొరలూ గీతల్లా కనబడతాయి.

జనగామ_సివిల్:
చిత్రిక పట్టి పాలిష్ వేస్తే కనబడవు. మీ గాట్లే పైనుంచి దువ్వెన పళ్లలా కనబడతాయి.

వడ్రంగి_కొడుకు:
పైన బీడింగ్, అంటే సన్నటి చెక్క పట్టీ, వేస్తే ఒక్క పన్నూ కనబడదు. చేతిపని తెలియకుండా మాట్లాడకండి.

కాజీపేట్_వాసి:
నీళ్ల సంగతి ఎవరూ మాట్లాడరేం?

కొత్తిల్లు_నయీంనగర్:
గాట్ల లెక్క సరే. విరిగిన రెండు టేకు ముక్కల డబ్బు ఎవరిస్తారు? రన్నింగ్ ఫీట్ రేటు, అంటే పొడవు అడుగుకు ఇంత అని, ఒప్పుకునే పనిలో దిగాడు. పని రాకపోతే ముందే చెప్పాలి కదా! ఇప్పుడు మంచి పనివాళ్లే దొరకట్లేదు.

వడ్రంగి_కొడుకు:
అసలు సంగతి ఇదన్నమాట. నేరుగా ఉన్న నాలుగడుగులకు గంట చాలు, ఈ నాలుగడుగులకు రోజంతా పడుతుంది. రేటు మాత్రం ఒకటే. అందుకే ఐదు గాట్లతో సరిపెట్టాడు. మా నాన్న ఒక ఇంట్లో గుండ్రటి బాల్కనీకి చెక్క పట్టీ వేశాడు, మూడు రోజులు పట్టింది. ఓనర్ టేపు పెట్టి కొలిచి ఆరడుగులకే లెక్క కట్టి ఇచ్చాడు. ఆ రాత్రి నాన్న అన్నం ముందు కూర్చుని, వేళ్ల మధ్య ఎండిన ఫెవికాల్ పొరలు గిల్లుకుంటూ చాలాసేపు ముద్ద ఎత్తలేదు.

కొత్తిల్లు_నయీంనగర్:
నేనెవరి కష్టమూ తినలేదు తమ్మీ. గుండ్రటి గోడ చూపించాకే రేటు మాట్లాడాను.

వడ్రంగి_కొడుకు:
చూశాడు, కాదంటే మిగతా ఇంటి పని కూడా పోతుందని ఒప్పుకున్నాడు.

జనగామ_సివిల్:
గోడ ఎటు వంగిందో ఇంకా చెప్పలేదు.

కొత్తిల్లు_నయీంనగర్:
బయటికి ఉబ్బిందే. సరే, ఆ నాలుగడుగులు రోజు కూలికి మాట్లాడతా. మళ్లీ విరిగితే మాత్రం సగం అతనే భరించాలి.

వడ్రంగి_కొడుకు:
సగం అతని మీద వేస్తే భయంతోనే రంపం పడతాడన్నా. విరిగిన ముక్కలు పారేయలేదు కదా? వాటి మీద పన్నెండు గాట్లు పెట్టి ముందు వంచి చూడమనండి. కొత్త చెక్క ఆ తర్వాతే కోయాలి.