ఎక్స్-రే కేటలాగ్‌లో ఫ్లాగ్ పడిన సోర్సులు ఉంచాలా, తీసేయాలా?

తిరుపతి_ఎమ్మెస్సీ:
అన్నా, నాది చివరి ఏడాది. ప్రాజెక్టుకి ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అనే అంతరిక్ష ఎక్స్-రే టెలిస్కోప్ కేటలాగ్ తీసుకున్నా, దాని నాలుగో తరం 4ఎక్స్‌ఎంఎంలో 6 లక్షల 50 వేలకు పైనే సోర్సులు, అంటే ఎక్స్-రేలు వచ్చే చోట్లు, ఉన్నాయి. గైడ్ మేడమ్ ఫ్లాగ్, అంటే అనుమానం ఉందన్న గుర్తు, పడిన వరుసలన్నీ తీసేయమంటున్నారు. మీరేమంటారు?

పీలేరు_ఆకాశం:
తీసేయ్. సూపర్‌నోవా అవశేషాల మీద, గెలాక్సీ గుంపుల వేడి గ్యాస్ మీద సాఫ్ట్‌వేర్ లేని సోర్సుల్ని పుట్టిస్తుంది. ఈరోసిటా అనే ఇంకో ఎక్స్-రే టెలిస్కోప్ 2024 జనవరిలో సగం ఆకాశానికే దాదాపు 9 లక్షల సోర్సులు ఇచ్చింది, ఇన్నింటిని మనిషి కూర్చుని చూడగలడా? మంచివే చాలు.

చంద్రగిరి_రాత్రి:
పీలేరు అన్నా, లేని సోర్సులు పుడతాయన్న మాట నిజం, కాదనను. కానీ ఫ్లాగ్ అంటే తప్పు అని కాదు, ఒకసారి బొమ్మ తెరిచి చూడు అని. పక్క గెలాక్సీలో నడిమధ్య కేంద్రకం బాగా వెలుగుతుంటే దాని దగ్గరున్న నిజమైన ఎక్స్-రే జంట నక్షత్రానికి కూడా ఫ్లాగ్ పడుతుంది, మరి దాన్నీ పారేస్తే ఎట్లా?

తమ్ముడూ, నీ ప్రశ్న ఏంటో ముందు తేల్చుకో. ఎంత ప్రకాశానికి ఎన్ని సోర్సులున్నాయో లెక్కపెడుతుంటే మేడమ్ మాటే కరెక్టు, తీసేయ్. అరుదైనవి వెతుకుతుంటే మాత్రం ఉంచాలి. హెచ్‌ఎల్‌ఎక్స్-1 ఇట్లాంటి కేటలాగ్ జల్లెడ పడితేనే దొరికింది, సూర్యుడికి 500 రెట్లకు పైగా బరువున్న బ్లాక్‌హోల్ అని 2009లో ప్రకటించారు. అలాంటిదాన్ని ముందే తెలిసి ఎవరూ టెలిస్కోప్ తిప్పి చూడరు కదా.

ఇంకోటి, ఇది చాలామంది మర్చిపోతారు: ఈ కేటలాగ్ ఆకాశంలో 3 శాతం చుట్టుపక్కలే చూసింది. అందులో లేదంటే అక్కడ సోర్సు లేదని అర్థం కాదు, అటు అసలు చూసి ఉండకపోవచ్చు. నేనొకసారి ఎక్స్‌ఎంఎం మీదున్న మాస్1 కెమెరా డేటాలో ఒక సోర్సు కనపడక ఆరిపోయిందనుకుని వారం రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఆ చోటు 2005లో పాడైన చిప్ మీద పడింది. ఏ చోటుని ఎంతసేపు చూశారో చెప్పే ఎక్స్‌పోజర్ మ్యాప్ ముందే తెరిచి ఉంటే అరగంటలో తేలిపోయేది.

పీలేరు_ఆకాశం:
లెక్కకి వేరు, వేటకి వేరు అంటే ఒప్పుకుంటా. అయితే ఎన్ని ఫ్లాగులు ఉంచావో, ఎందుకు ఉంచావో రిపోర్టులో రాయాలి, లేకపోతే తర్వాత చదివేవాడు నమ్మడు.

తిరుపతి_ఎమ్మెస్సీ:
నాది వేటే అన్నా, రోజురోజుకీ ప్రకాశం మారేవాటి కోసం. ఈ ఆదివారం ఫ్లాగ్ పడినవాటిలో ఒక వంద ఏరి బొమ్మలు తెరిచి చూస్తా, ఎన్ని నిజమో మేడమ్‌కి చూపించాకే తీసేసే మాట.