అప్‌డేట్: నిరాశపరిచిన ఆ లిమిటెడ్ ఎడిషన్ బర్బన్ సంగతి

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయివిల్‌లో ఎక్కువ ధర పెట్టి కొన్న, పీపాలో 15 ఏళ్లు ఉంచిన లిమిటెడ్ ఎడిషన్ బర్బన్ (ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) తడి చెక్కను నమిలినంత వగరుగా ఉందని, లోపం సీసాదా, నా నాలుకదా అని గత నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

గాలి తగలనివ్వమన్నవారి సలహా మేరకు, రెండు పెగ్గులు తీసిన సీసాను మూడు వారాలు పక్కన పెట్టి మళ్లీ రుచి చూశాను. ఘాటు తగ్గింది గానీ, నాలుకను పట్టేసే వగరు పోలేదు. అర చెంచా నీళ్లు కలపగానే మాత్రం వెనిల్లా, మాడిన పంచదార వాసన స్పష్టంగా పైకి వచ్చింది. ఇది నేను ఊహించలేదు.

అయినా, వయసు పెరిగేకొద్దీ నాణ్యత పెరుగుతుందన్న వాదనతో ఏకీభవించలేను. చట్టప్రకారం బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ చేయాలి కనుక, కెంటకీ వేసవిలో చెక్కలోకి ఇంకుతూ, చలికాలంలో వెనక్కి వస్తూ, ఎక్కువగా పాత పీపాల్లో నిల్వ ఉండే స్కాచ్ కంటే త్వరగా అది చెక్కలోని వగరు పదార్థాలైన టానిన్లను లాగేసుకుంటుంది. ఈ సీసాలోని బర్బన్ పీపాలో మరీ ఎక్కువకాలం ఉండిపోయిందన్నవారి మాటే సరైనదని నా నమ్మకం. ఆ వగరే తనకిష్టమన్న మిత్రుడు మా ఊళ్లోనే ఉన్నారు. మిగిలినదంతా శనివారం ఆయనకే ఇస్తున్నాను.